నిండుకున్న లిస్టు

మా అత్తగారింట్లో 'లేదు' అనే మాట లేదు.

గొప్పకి చెప్పడం లేదు. నిజంగానే ఆ మాట వాడరు. బియ్యం అయిపోతే 'నిండుకున్నాయి' అంటారు. దీపం ఆరిపోతే 'కొండెక్కింది' అంటారు. గాజు చిట్లితే 'పెరిగింది' అంటారు. ఇంటి కింద మాకు స్టీలు, ఇత్తడి సామాన్ల షాపు ఉంది. సాయంత్రం దాని తలుపులు వేశాక మూసేశామని అనకూడదు, కట్టేశామనాలి. పెళ్ళయి పాలకొల్లు వచ్చిన కొత్తలో ఓ రోజు వంటింట్లోంచి, పంచదార లేదండీ అత్తయ్యగారూ అని గట్టిగా చెప్పాను. ఆవిడ పూజ మధ్యలో లేచి వచ్చి మరీ నన్ను దిద్దారు. తథాస్తు దేవతలు ఇంటి చుట్టూ తిరుగుతూనే ఉంటారట. మనం లేదంటే వాళ్ళు తథాస్తు అనేసి పోతారట. అన్నీ తెలిసిన దేవతలకి 'నిండుకుంది' అంటే అసలు సంగతేమిటో తెలియదా అని నాకు ఆ రోజే సందేహం వచ్చింది. కొత్త కోడల్ని కనుక అడగలేదు. పాతబడ్డాక అడిగాను గానీ, అప్పటికి నా ప్రశ్నలకి జవాబు చెప్పకపోవడం ఆవిడకి అలవాటైపోయింది.

నేను పుట్టి పెరిగింది గోదావరి మధ్యలో ఓ లంక ఊళ్ళో. నాన్నకి అక్కడ చిన్న కిరాణా కొట్టు ఉండేది. మాకు వరద అంటే ఏటా వచ్చే చుట్టమే, కాకపోతే చెప్పులతో సహా దేవుడి గదిలోకి వచ్చేసే చుట్టం. ఆషాఢం రాగానే అమ్మ గడప దగ్గర కూర్చుని వేళ్ళు మడుస్తూ చదివేది. చింతపండు ఉంది, కిరసనాయిలు లేదు, అగ్గిపెట్టెలు లేవు, తాడు ఉంది గానీ చివికిపోయింది. ఆ లేనివన్నీ నాన్న పడవ మీద రేవు దాటి వెళ్ళి తెచ్చేవారు. అగ్గిపెట్టెలు సీసాలో పడేసి మూత బిగించేవారు, బియ్యం బస్తాలు అటకెక్కేవి. అందులో అశుభం ఉందని మా ఊళ్ళో ఎవరికీ తోచలేదు. నీళ్ళు రావడం ఖాయం, ఏ రోజన్నదే తెలియదు. మా ఇంట్లో ఒకరు లేదంటే ఇంకొకరు చెప్పులేసుకునేవారు, అంతే.

అందుకే పాలకొల్లులో కూడా టీవీలో అల్పపీడనం అన్న మాట వినబడగానే నా చేతులు ఊరుకోవు. కొవ్వొత్తులు, టార్చిలైటు, మందులు, మంచినీళ్ళ డబ్బాలు అన్నీ వరసగా పెట్టేస్తాను. మా వీధి ఇరుకు. ఈ బాల్కనీలోంచి ఆ బాల్కనీలోకి వక్కపలుకు విసిరితే అందుకోవచ్చు. కాబట్టి నా ఏర్పాట్లన్నీ వీధి వాళ్ళకి వినోదమే. మీ ఇంటికి రావాలంటే తుఫానైనా ముందు ఫోన్ చేసి రావాలండీ అని ఎదురింటావిడ వేళాకోళం చేస్తుంది. వేళాకోళానికి నాకేం బాధలేదు. కోపం వచ్చేది ఇంకో మాటకి. ఎంత సర్దుకున్నా రావాల్సింది రాక మానుతుందా అండీ అంటారు చూడండి, దానికి. రాక మానదు. అందుకే కదా సర్దుకునేది. చేతులు కాలాక ఆకులు పట్టుకునే వాళ్ళకి, ఆకులు ముందే కోసి పెట్టుకున్న మనిషి పిచ్చిదానిలా కనబడుతుంది.

అత్తగారి సంగతి వేరు. సరుకు దాచడంలో ఆవిడ నాకు గురువు. ఏడాదికి సరిపడా కందిపప్పు, రెండేళ్ళకి సరిపడా చింతపండు, ముగ్గురు మనుమరాళ్ళ పెళ్ళిళ్ళకి సరిపడా ఊరగాయ జాడీలు ఆవిడ గదిలో ఉంటాయి. ఉన్న మనుమరాలు ఒక్కతే. ఆవిడకి పడనిదల్లా ఎందుకు దాస్తున్నామో పేరు పెట్టి చెప్పడం. ఓసారి ఇంటి కాగితాలు, మందుల చీటీలు, రెండు జతల బట్టలు ఓ సంచిలో సర్ది, దానికి నేను తుఫాను సంచి అని పేరు పెట్టాను. శుభం పలకరా మంకెన్నా అంటే అని ఆవిడ సామెత మొదలుపెట్టి, మిగతా సగం అంతకన్నా అశుభం కనుక అక్కడే మింగేశారు. ఆ రోజు నుంచి అది తిరుపతి సంచి అయింది. మామగారు దాని పక్కనుంచి వెళ్ళినప్పుడల్లా, ప్రయాణం ఎప్పుడమ్మాయ్ అని అడిగేవారు.

మామగారు తక్కువ మాట్లాడే మనిషి. ఉబ్బసం వల్ల మాటల్లో పొదుపు ఆయనకి అలవాటైంది. చలి తగిలినా, దుమ్ము లేచినా, ఇన్‌హేలర్ రెండుసార్లు పీల్చుకుంటే గానీ గుండెలు కుదుటపడవు. అది ఎప్పుడూ ఆయన చొక్కా జేబులో ఒకటి, బీరువాలో ఒకటి ఉండాలన్నది నేను పెట్టిన నియమం.

ఇక లిస్టు కథ. మా అమ్మాయి భీమవరంలో ఇంజినీరింగ్ చదువుతుంది. వాళ్ళ కాలేజీలో విపత్తులప్పుడు ఇంట్లో ఏమేం ఉండాలో ఓ క్లాసు చెప్పి కాగితాలు పంచారట. దాన్ని చూసి నేను పాత క్యాలెండరు వెనకవైపు గీతలు గీసి, పాతిక వస్తువులు రాసి, పక్కన ఉంది, లేదు అని రెండు వరసలు పెట్టాను. ఫ్రిజ్ పక్క గోడకి తగిలించాను. అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని పైనుంచి కిందదాకా చదివారు. వస్తువుల మీద ఆవిడకి పేచీ లేదు. రెండో వరస తలమీద వేలు పెట్టి, "లేదు అనే మాటని గోడకి కట్టి రోజూ చూసుకోమంటావేంటమ్మాయ్" అన్నారు.

నేను వాదించాను. ఆవిడ వాదించలేదు, మధ్యాహ్నం భోజనం మానేశారు. మామగారికి ఆకలి వేసే వేళకి రాజీ కుదిరింది. ఉపాయం ఆయనదే. ఉంది అన్నచోట 'నిండుగా' అని, లేదు అన్నచోట 'నిండుకుంది' అని రాయమన్నారు. అత్తగారి ముఖం విచ్చుకుంది. నాకు నవ్వొచ్చింది. పేరేదైతేనేం, పని జరిగితే చాలనుకుని కొత్త కాగితం మీద అలాగే రాసి తగిలించాను. అప్పటినుంచి ప్రతి గురువారం సాయంత్రం ఆవిడే పెన్సిలు పట్టుకుని, ప్రతి డబ్బా మూత తీసి చూసి, ఏ వస్తువుకి ఎక్కడ టిక్కు పెట్టాలో అక్కడ పెట్టేవారు. చెప్పకపోతే పాపం, అంత శ్రద్ధగా నేనూ చేసేదాన్ని కాను. ఆవిడ పెట్టిన టిక్కులు చూసుకుని నేను సరుకులు తెచ్చేదాన్ని. కొన్ని నెలలు అది హాయిగా నడిచింది.

ఆ కార్తీకంలో తుఫాను దగ్గర్లోనే తీరం దాటుతుందని వార్త వచ్చింది. మా ఆయన సరుకు కోసం రాజమండ్రి వెళ్ళి అక్కడే చిక్కుకుపోయారు. అమ్మాయికి కాలేజీ సెలవిచ్చారని ఇంటికి వచ్చింది. షాపులో కింది అరల్లో ఉన్న బిందెలు, కుక్కర్లు అన్నీ పైకి చేర్చాలి. ఆ పని నేను పెట్టుకుని, అమ్మాయికి స్కూటీ తాళం ఇచ్చి, గోడ మీద లిస్టు చూసి లేనివన్నీ కొనుక్కురమ్మన్నాను. అది ఫోన్లో లిస్టుకి ఫోటో తీసుకుని వెళ్ళింది. అరగంటలో వచ్చింది. చేతిలో నాలుగు చిప్స్ ప్యాకెట్లు, ఒక పెద్ద బిస్కెట్ డబ్బా తప్ప ఏమీ కనబడలేదు.

"లిస్టంతా నిండే ఉందమ్మా, కొనడానికేం మిగల్లేదు" అంది.

ఆ మాట విని నేను ఎంత పొంగిపోయానో ఇప్పుడు రాయాలంటే సిగ్గుగా ఉంది. చంకలో కుక్కరు పెట్టుకునే ఎదురింటావిడని పిలిచి చెప్పాను. మా ఇంట్లో పాతిక వస్తువులకి పాతికా సిద్ధంగా ఉన్నాయండీ, మీకేమైనా కావాలంటే మొహమాటపడకుండా అడగండి అన్నాను. ఆవిడ, మాకూ అన్నీ ఉన్నాయిలెండి అంది. మా వీధిలో ఎవర్నడిగినా అన్నీ ఉన్నాయండీ అనే అంటారు. మాది షాపుల వాళ్ళ వీధి, అంతకు తక్కువ మాట ఎవరి నోటా రాదు.

గాలి కొట్టాల్సిందంతా కొట్టి తెల్లవారేసరికి తగ్గింది. వాన మాత్రం తగ్గలేదు. వీధిలో మోకాలు దాటిన నీళ్ళు. కరెంటు లేదు, ఫోన్లలో సిగ్నల్ లేదు. వీధి మొదట్లో కరెంటు స్తంభం తీగలతో సహా నీళ్ళలో పడి ఉంది. ఎవరూ కిందకి దిగొద్దని అందరూ బాల్కనీల్లోంచి ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. నేను మాత్రం సుబ్బరంగా కాఫీ కలిపి, తీరిగ్గా కూర్చున్నాను. లంకలో పుట్టినదాన్ని, నీళ్ళు చూస్తే నాకు పుట్టిల్లు గుర్తొస్తుంది.

పది దాటాక మామగారికి ఆయాసం మొదలైంది. ఇంట్లో గోడలన్నీ చెమ్మగిల్లాయి. ఆయన జేబులోంచి ఇన్‌హేలర్ తీసి నొక్కితే ఉత్త గాలి వచ్చింది. వెనక చూస్తే అంకె సున్నా దగ్గర ఉంది. దానికేం, బీరువాలో ఇంకోటుంది కదా అని వెళ్ళి చూశాను. ఖాళీ అట్టపెట్టె ఉంది. ఆవిరి పట్టే మిషను ఉంది గానీ దానికి కరెంటు కావాలి. ఇన్వర్టరు తెల్లారుజామునే మూలిగి ఆగిపోయింది, అందులో పోసే బ్యాటరీ నీళ్ళ డబ్బా కూడా ఖాళీ. కొవ్వొత్తులు రెండున్నాయి. గ్లూకోజు లేదు. నేను లిస్టు ముందు నిలబడ్డాను. ఇన్‌హేలర్ ఎదురుగా, 'నిండుకుంది' కింద, అత్తగారి టిక్కు ముచ్చటగా ఉంది.

అమ్మాయిని పిలిచి అది చూపించాను. అది అమాయకంగా, నిండుకుంది అంటే ఫుల్లుగా ఉందనే కదమ్మా అంది. నిండుగా అంటే ముందునుంచీ ఉన్నవి, నిండుకుంది అంటే ఈ మధ్యే తెచ్చి నింపినవి అనుకుందట. మామ్మ బియ్యం నిండుకున్నాయన్నప్పుడల్లా బస్తా వచ్చినందుకు సంతోషంగా చెబుతోందనుకునేదట చిన్నప్పటినుంచీ. ఆరో తరగతి నుంచీ హాస్టళ్ళలో పెరిగిన పిల్ల, దానికి బియ్యం ఎప్పుడు నిండుకున్నాయో ఎప్పుడు నిండాయో ఎలా తెలుస్తుంది. నాకు దానిమీద కోపం వచ్చింది, అత్తగారి మీద వచ్చింది, ఆ రాజీకి నవ్వుతూ ఒప్పుకున్న నా మీద అన్నిటికంటే ఎక్కువ వచ్చింది. కోపం వెనకాలే భయం వచ్చింది. మామగారు మంచం అంచున రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి, ప్రతి ఊపిరినీ బావిలోంచి తోడుతున్నట్టు తీస్తున్నారు. పెదాలు రంగు మారుతున్నాయి.

నేను చీర దోపుకుని మెట్లు దిగబోయాను. నీళ్ళలో తీగలున్నాయి, దిగొద్దమ్మా అని అమ్మాయి నా చెయ్యి పట్టుకుని ఏడుస్తోంది. అత్తగారు ఇదంతా గుమ్మంలో నిలబడి విన్నారు. లిస్టు వైపు ఒకసారి చూశారు, మామగారి వైపు చూశారు. నేరుగా బాల్కనీలోకి వెళ్ళారు. వానలో తడుస్తూ పిట్టగోడ పట్టుకుని, నేను అంతకుముందెప్పుడూ వినని గొంతుతో వీధి మొత్తానికి వినబడేలా చెప్పారు.

"ఏవండీ, మా ఇంట్లో మందు లేదండీ. మా ఆయనకి ఊపిరందట్లేదు. ఇన్‌హేలర్ లేదు, కరెంటు లేదు, మా దగ్గర ఏమీ లేదండీ. ఎవరింట్లో అయినా ఉంటే ఇవ్వండి బాబూ."

పాతికేళ్ళ కాపురంలో ఆ మాట ఆవిడ నోట నేను మొదటిసారి విన్నాను. అదీ ఒకటికి నాలుగుసార్లు. మెట్ల మీంచి వెనక్కి తిరిగి నేనూ బాల్కనీలోకి పరుగెత్తాను.

ఒక బాల్కనీ నుంచి ఇంకో బాల్కనీకి ఆ మాట పాకింది. ఎదుటి వరసలో నాలుగో ఇంట్లో ఒక కుర్రాయన అద్దెకుంటాడు. రొయ్యల మేత వ్యాపారం. రోజూ ఆ మేత బస్తాల వాసనతో బండి మీద వస్తాడు. ఆ బండి చప్పుడు వినగానే అత్తగారు కిటికీలు బిగించేస్తారు, ఉల్లిపాయ కూడా గడప దాటి రాని వంటిల్లు మాది. ఇంతవరకూ ఆయన్ని పలకరించిన పాపాన పోలేదు. అక్కడినుంచి, నా దగ్గర రెండున్నాయండీ, మేత దుమ్ముకి నాకూ ఉబ్బసమేనండీ అని జవాబొచ్చింది.

అది చేతులు మారుతూ, బాల్కనీలు దాటుతూ ఎదురింటిదాకా వచ్చింది. ఎదురింటావిడ తన మామిడికాయలు కోసే గెడ తెచ్చి, కొసన ఉన్న వలలో దాన్ని వేసి, మా పిట్టగోడ మీదకి చాచింది. అమ్మాయి అందుకుంది. నేను ఖాళీదాని పక్కన పెట్టి పేరు చూసుకున్నాను, అదే మందు. చుట్టిన ప్లాస్టిక్ కవరు రొయ్యల మేతది. ఇల్లంతా ఎండు చేపల కంపు కొట్టింది. అత్తగారు ఆ కవరుని రెండు చేతులతో కళ్ళకద్దుకుని దేవుడి గూట్లో పెట్టారు.

మామగారి ఊపిరి కుదుటపడడానికి అరగంట పట్టింది. ఆ అరగంటా మేం ముగ్గురం ఆయన గుండెల మీంచి కళ్ళు తిప్పలేదు. కాస్త తేరుకున్నాక ఆయన గోడవైపు చూసి, మెల్లిగా, "ఇంకాస్త ఆలస్యమైతే నేను కూడా నిండుకునేవాణ్ణే" అన్నారు. అత్తగారు ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టి, లేచి వంటింట్లోకి వెళ్ళిపోయారు. నేను వెనకాలే వెళ్ళాను. గట్టు పట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తున్నారు. ఆవిడ మీద నాకున్న కోపమంతా ఎటు పోయిందో పోయింది. దగ్గరకి తీసుకుంటే చిన్నపిల్లలా నా భుజం మీద తల పెట్టేశారు. అత్తాకోడళ్ళం అలా ఎప్పుడూ నిలబడలేదు. ఇద్దరికీ కొత్తగానే ఉంది.

విచిత్రం అప్పుడు మొదలైంది. పొద్దున్నదాకా అన్నీ ఉన్న వీధిలో ఒక్కో ఇంట్లో ఒక్కోటి లేకుండా పోసాగింది. పసిపిల్లకి పాలపొడి లేదండీ అని ఒకరు. తాగడానికి నీళ్ళు చెంబెడు కూడా లేవండీ అని ఇంకొకరు. గ్యాసు అయిపోయి పొద్దుటినుంచీ అటుకులు నమిలి కూర్చున్నామండీ అని ఎదురింటావిడే చెప్పింది. ఎవరో ఒక పెద్దావిడ ముందు లేదన్నాక, మిగతావాళ్ళకి నోరు పెగిలింది. సాయంత్రం దాకా ఆ మామిడికాయల గెడకి తీరుబడి లేదు. మా చిప్స్ ప్యాకెట్లు మూడు వీధిలోకి వెళ్ళాయి, అత్తగారి ఊరగాయ జాడీలకి మనుమరాలి పెళ్ళికి ముందే మోక్షం వచ్చింది. మేత కుర్రాయనకి మాగాయ పెద్ద గిన్నెతో వెళ్ళింది. పైన నెయ్యి కూడా వేసిచ్చారు.

నీళ్ళు తీసి, కరెంటు వచ్చి, మా ఆయన రాజమండ్రి నుంచి క్షేమంగా చేరాక కూడా నన్నొకటే ఆలోచన వదల్లేదు. ముందుజాగ్రత్తకి ఇంట్లో ఏమేం ఉండాలి అని ఎవరైనా అడిగితే నేను ఇదివరకు టార్చిలైటు, తాడు, కొవ్వొత్తులు అని మొదలుపెట్టేదాన్ని. ఇప్పుడు ముందు ఇంట్లో ఏది లేదో పైకి చెప్పడం నేర్చుకోండి అంటున్నాను. మా అమ్మకి ఆ సంగతి ఏ క్లాసూ లేకుండానే తెలుసు. నేను కాగితం మీద పాతిక వస్తువులు రాసి, ఆ ఒక్క మాటనీ సులువుగా వదిలేసుకున్నాను.

ఆ గురువారం నేను షాపులో ఉండగా అత్తగారు కొత్త కాగితం కావాలన్నారు. పైకి వెళ్ళి చూస్తే ఆవిడే స్కేలు పెట్టి గీతలు గీస్తున్నారు. మొదటి వరస మీద 'ఉంది' అని రాశారు. రెండో వరస దగ్గర పెన్సిలు కాసేపు ఆగింది. తర్వాత పెద్ద అక్షరాలతో 'లేదు' అని రాసి, లోపలికి వెళ్ళి పసుపు తడిపి తెచ్చి, ఆ మాటకి నాలుగు పక్కలా బొట్లు పెట్టారు. తథాస్తు దేవతలతో ఆవిడ ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. బియ్యం మాత్రం ఇప్పటికీ నిండుకుంటూనే ఉన్నాయి, అది వదులుకోనని ముందే చెప్పారు.

ఇప్పుడు గురువారం సాయంత్రం అమ్మాయి హాస్టల్ నుంచి ఫోన్ చేసి, వాళ్ళ మామ్మ చేతికి ఇమ్మంటుంది. పరీక్షలు ఉన్నా, జ్వరం వచ్చినా ఆ ఫోన్ ఆగదు. అటునుంచి అదే ప్రశ్న.

"మామ్మా, లేదు కింద ఏముంది?"

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, గోడ దగ్గరకి వెళ్ళి, వేలు పెట్టి పైనుంచి కిందదాకా తాపీగా చూస్తారు. మంచం మీద మామగారు పేపరు దించి వింటుంటారు.

"లేదు కింద ఏమీ లేదే తల్లీ" అంటారు నిండుగా.